చేపతోక చుక్కాని మన కాలువ పడవలకి పనికొస్తుందా?

కడియం_కాలువ:

నమస్కారమండి. కొత్త చుక్కాని ఒకటి చేయించాలని ఉంది, డబ్బు పెట్టే ముందు తెలిసినవాళ్ళ మాట కావాలి.

పడవ ఇనపది, అడుగు చదును. పొడవు 18 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు, నీళ్ళలో మునిగేది 75 సెంటీమీటర్లు. 45 హెచ్.పి. డీజిల్ ఇంజను, 20 అంగుళాల మూడు రెక్కల ఫ్యాను (ప్రొపెల్లరు) ఒక్కటే. ధవళేశ్వరం నుంచి కడియం వైపు కాలువలో జనాన్ని తిప్పడానికి. గంటకి ఆరేడు కిలోమీటర్లు మించే పని లేదు. మా దారిలో లోతు 1.2 నుంచి 1.5 మీటర్లు.

ఇప్పుడున్నది 8 మి.మీ. పలక. ముందు నుంచి వెనక్కి 45 సెం.మీ., ఎత్తు 50 సెం.మీ. ఇరుసు పలక ముందంచునే వెల్డు చేసి ఉంది. చక్రం, వైరు తాడు, క్వాడ్రంటు (ఇరుసు తలకి బిగించి వైరు లాగే పావు చక్రం). ఇబ్బందులు మూడు: మలుపుల్లో ఆలస్యంగా తిరుగుతుంది, గ్యాసు (ఇంజను వేగం) తగ్గిస్తే అసలు మాట వినదు, నడుస్తున్నంతసేపూ చక్రం ఎడమకి లాగుతుంది.

వెల్డింగు షాపు వాళ్ళు షిల్లింగ్ రకం, అంటే చేపతోక ఆకారం చుక్కాని గీసి ఇచ్చారు. ముందు నుంచి వెనక్కి 75 సెం.మీ., ఎత్తు 55. ముందు గుండ్రంగా 13 సెం.మీ. మందం, వెనక్కి వెళ్ళేకొద్దీ సన్నబడి 4 సెం.మీ., మళ్ళీ చివర విచ్చుకుని 9 సెం.మీ. పైనా కిందా అడ్డ ప్లేట్లు. అటు 70, ఇటు 70 డిగ్రీలు తిరుగుతుందట. హైడ్రాలిక్ సిలిండరు పెడదామంటున్నారు. పెట్టొచ్చంటారా?

దోనె_లెక్కలు:

ముందు పాతదాని సంగతి తేల్చుకోండి. ఫ్యాను కొట్టే నీళ్ళలోనే పనిచేసే చుక్కానికి కనీస వైశాల్యం చూడ్డానికి డి.ఎన్.వి. (ఓడలకి ప్రమాణాలు పెట్టే నార్వే సంస్థ) సూత్రం ఒకటుంది. పొడవుని మునకతో గుణించి 100తో భాగించాలి. వెడల్పుని పొడవుతో భాగించి, వర్గం చేసి, 25తో గుణించి, 1 కలిపి, దాంతో మొదటి అంకెని గుణించాలి. మీ పడవకి 18 × 0.75 = 13.5, అందులో నూరోవంతు 0.135. రెండో భాగం 2.23. గుణిస్తే 0.30 చదరపు మీటరు. మీకున్నది 0.225. అంటే కనీసంలో ముప్పాతిక వంతు. అది కూడా లోతున్న నీళ్ళకి చెప్పిన కనీసం. మీ కాలువలో లోతు మునకకి రెండింతలు దాటదు కాబట్టి ఏ పడవైనా మొండికేస్తుంది. 0.40 దాకా వెళ్ళాల్సిందే.

అందుకని పాత పలకని చేపతోకతో పోల్చి "అబ్బ, ఎంత తేడా" అనుకుంటే ఆ తేడాలో సగం వైశాల్యం వల్లే వస్తుంది. 75 × 55 అంటే 0.41. ఇదే కొలతతో మామూలు పలక చేయించినా పడవ చాలావరకు దారికొస్తుంది. ఆకారం వల్ల వచ్చేదెంతో దీని పైన లెక్కేసుకోవాలి.

చేపతోక నిజంగా చేసే పని ఇదీ. మామూలు పలకని 35 డిగ్రీలు దాటి తిప్పితే వెనకవైపు నీళ్ళు పలకని వదిలేసి సుడి తిరుగుతాయి, ఆ తర్వాత ఎంత తిప్పినా అడ్డమే తప్ప తోపుడు పెరగదు. గుండ్రటి ముక్కు వల్ల నీళ్ళు పలకని అంటుకునే ఉంటాయి. విచ్చుకున్న తోక వాటిని ఇంకా పక్కకి మళ్ళిస్తుంది. పై కింది ప్లేట్లు అంచుల నుంచి జారిపోకుండా ఆపుతాయి. 70 డిగ్రీల దగ్గర ఫ్యాను నీళ్ళు దాదాపు మొత్తం పక్కకి పోతాయి, పడవ వెనక భాగం అక్కడికక్కడే జరుగుతుంది. రేవు దగ్గర ఇది చాలా గొప్ప సుఖం.

కానీ ఇదంతా ఫ్యాను తిరుగుతుంటేనే. గ్యాసు తీసేశాక చేపతోకకీ పలకకీ పెద్ద తేడా ఉండదు. మీ రెండో ఇబ్బందికి ఇది మందు కాదు.

ఇక బలాలు. నీటి వేగం సెకనుకి 3 మీటర్లు అనుకుంటే 0.41 పలక మీద పూర్తి తిప్పులో 220 కిలోల పైనే తోపుడు పడుతుంది. చేపతోకకి 300 దాటుతుంది. ఇరుసు ముందంచు నుంచి 15 సెం.మీ. లోపలికి, అంటే అయిదో వంతు దగ్గర పెడితే, పలక రకానికి ఇరుసు మీద మెలి సుమారు 34 కేజీ-మీటర్లు, అంటే మీటరు పొడవు చేతి కొసన 34 కిలోల బలం. ముందంచునే పెడితే దానికి రెండింతలు. చేపతోకకి తోపుడు పెరగడమే కాకుండా అది పడే చోటు కూడా వెనక్కి జరుగుతుంది, కాబట్టి మెలి ఇంకా ఎక్కువ. అలాగని ఇరుసుని నాలుగో వంతు దాటించి లోపలికి పెట్టకండి. చిన్న తిప్పులోనే చుక్కాని తనంతట తాను లాక్కుపోతుంది, చక్రం నిలవదు.

సిలిండరు ఆలోచన మాత్రం మార్చుకోండి. ఒకే సిలిండరు, ఇరుసుకి బిగించిన ఒకే చెయ్యి (లివరు) అయితే మధ్యలో ఉన్నప్పుడు చేతి పొడవంతా పనికొస్తుంది. 70 డిగ్రీలకి వెళ్ళేసరికి అందులో మూడో వంతే పనిచేస్తుంది. సరిగ్గా బలం ఎక్కువ కావలసిన చోటే అది చేతులెత్తేస్తుంది. 140 డిగ్రీల తిప్పు కావాలంటే ఇరుసు మీద స్ప్రాకెట్టూ చైనూ, లేదా ర్యాకూ పినియనూ ఉండాలి.

తాళ్ళరేవు_వెల్డరు:

లెక్క ఒప్పుకుంటానండి. నేను చెప్పేది చేతి పని సంగతి.

చేపతోక బోలు చుక్కాని. పక్కలకి 5 మి.మీ. ప్లేటు, లోపల మూడు అడ్డ బద్దలు, ముక్కుకి పైపు నిలువునా కోసి వాడతారు. బరువు 45 కిలోలకి తగ్గదు. అసలు చిక్కు లోపలి గాలి. ఎక్కడో పిన్నుహోలు ఒక్కటి మిగిలితే నీళ్ళు చేరతాయి, లోపల నుంచి తుప్పు తింటుంది, పైన రంగు మాత్రం కొత్తగానే కనపడుతుంది. వెల్డింగు అయ్యాక పైన ఒక ప్లగ్గు, కింద ఒక ప్లగ్గు పెట్టించండి. సైకిలు పంపుతో కొద్దిగా, మూడు పౌండ్లకి మించకుండా గాలి పట్టించి, అన్ని అతుకుల మీదా సబ్బు నురుగు రాసి చూడండి. పెద్ద కంప్రెసరు పెడితే చదును పక్కలు ఉబ్బిపోతాయి. ఏటా కాలువ కట్టేసినప్పుడు కింది ప్లగ్గు విప్పితే నీళ్ళు చేరాయో లేదో తెలిసిపోతుంది.

ఇరుసు 60 మి.మీ.కి తగ్గొద్దు. మెలికి 50 చాలు, కానీ కింద ఆనిక లేకుండా వేలాడే చుక్కానికి వంపు బలమే ఎక్కువ, పైగా ఒండ్రులో గుచ్చుకున్నప్పుడూ లాకు గోడకి తగిలినప్పుడూ పడే దెబ్బ లెక్కల్లోకి రాదు. పడవ అడుగు నుంచి వెనక్కి మడమ ప్లేటు ఒకటి చాపి, చుక్కాని కింది కొస కప్పులో కూర్చోబెడితే ఇంకా మంచిది. ఆ మడమే ఫ్యానుకి కూడా కాపలా. కప్పు అడుగున 12 మి.మీ. బెజ్జం ఉండాలి, లేకపోతే ఇసక చేరి పిన్నుని అరగదీస్తుంది. పైన గన్‌మెటల్ బుష్షు, గ్రీజు నిప్పిలు, నీళ్ళు లోపలికి రాకుండా గ్లాండు. కింద మాత్రం గ్రీజు వద్దు, ఇసకని పట్టుకుంటుంది. నైలాన్ బుష్షు వేయించండి, ఇరుసు కంటే ముప్పావు మిల్లీమీటరు వదులుగా. నైలాన్ నీళ్ళలో ఉబ్బుతుంది, బిగువుగా తొడిగితే నెల్లాళ్ళకి పట్టేస్తుంది.

చుక్కాని అడుగు, పడవ అడుగు కంటే కనీసం 8 సెంటీమీటర్లు పైకి ఉండాలి. 75లో 55 చుక్కానికి పోతే పైనా కిందా కలిపి 20 మిగులుతుంది, సరిపోతుంది.

ఇంకో మాట. ఫ్యాను షాఫ్టు వెనక్కి ఎలా తీస్తారు? 13 సెం.మీ. మందం ముక్కు షాఫ్టుకి ఎదురుగా నిలబడితే ప్రతిసారీ చుక్కాని దించాలి. ఇరుసుకి ఫ్లాంజి కట్టించి ఆరు బోల్టులతో ఆకు విడిగా వచ్చేలా చేయించుకోండి.

రేవుగట్టు:

ఆ కింది అడ్డ ప్లేటు గురించి ఎవరూ గట్టిగా చెప్పలేదు. మన కాలువల్లో గుర్రపుడెక్క, తూటికాడ, కొబ్బరి మట్టలు, నైలాన్ వల ముక్కలు, పాత చీరలు. గుర్రపుడెక్క వేళ్ళు పలక ముక్కుకి చుట్టుకున్నా, ఒక్కసారి వెనక్కి గేరు వేస్తే చాలావరకు జారిపోతుంది. అదే పైనా కిందా ప్లేట్లుంటే, ముందుకి పొడుచుకొచ్చిన ఆ రెండు పెదవుల మధ్య అది గూడు కట్టుకుంటుంది. ఇంకా చెడ్డది కొబ్బరి మట్ట. మొదలు కింది ప్లేటు మీద ఆని, కొస పైకి వచ్చి పడవ అడుగుకీ పై ప్లేటుకీ మధ్య సందులో దూరుతుంది. అప్పుడు చుక్కాని ఒక వైపుకి తిరుగుతుంది, రెండో వైపుకి అంగుళం కదలదు. చక్రం దగ్గర నిలబడ్డ సరంగుకి వైరు తెగిందో, ఏదైనా అడ్డం పడిందో తెలీదు.

ఆ సందుకి రెండే మార్గాలు. 5 మిల్లీమీటర్లకి తగ్గించి ఏదీ దూరకుండా చేయడం, లేదా 40కి పైగా వదిలి దూరింది బయటికి పోయేలా చేయడం. 15, 20 దగ్గర పెడితే అది మట్టలు పట్టే బోనే. 5 నిలబెట్టాలంటే పడవ అడుగు ప్లేటు ఎక్కడా ఉబ్బెత్తు లేకుండా ఉండాలి, అది మన షాపుల్లో కష్టం. నేనైతే 40 వదులుతాను.

ఫ్యాను పైన చెత్త తీసే మూత ఉందా మీ పడవకి? దాని అంచు నీటి మట్టం కంటే 15 సెం.మీ. పైన ఉండాలి, మూతకి రబ్బరు వేసి రెక్క నట్లతో బిగించాలి. అందులోంచి చెయ్యి పెడితే చుక్కాని ముక్కు కూడా అందాలి. ఇంజను ఆపి, తాళంచెవి చేతిలో పెట్టుకునే చెయ్యి పెట్టాలి. ఈ మూత లేని పడవకి చేపతోక చుక్కాని పెట్టడం దండగ.

కడియం_కాలువ:

చాలా ఉపయోగపడిందండి, అందరికీ ధన్యవాదాలు. మూత ఉంది, కానీ చుక్కాని ముక్కు దాకా చెయ్యి అందదు. రెండు సందేహాలు. కింది ప్లేటు తీసేసి పైది మాత్రం ఉంచితే చేపతోక వల్ల లాభం మిగులుతుందా? ఎడమకి లాగడం ఆకారం మారిస్తే పోతుందా?

దోనె_లెక్కలు:

కింది ప్లేటు తీసేస్తే కొంత పోతుంది, తోక వల్ల వచ్చేది ఉంటుంది. అయితే ఆ కొంచెం కోసం బోలు పెట్టె కట్టాలా అన్నదే ఆలోచించాలి. ఇలా చేసి చూడండి: 10 మి.మీ. పలక, 75 × 55, ఇరుసు ముందు నుంచి 15 సెం.మీ. దగ్గర. ముందంచుకి 25 మి.మీ. రాడ్డు వెల్డు చేసి గుండ్రం చేయండి. వెనకంచుకి రెండు వైపులా నిలువునా 20 మి.మీ. యాంగ్లరు (ఎల్ ఆకారం ఇనప బద్ద), ఒక్కో రెక్క బయటికి నిలబడేలా. ఇదే పేదవాడి చేపతోక. నీళ్ళు తోక దగ్గర ఆ రెక్కకి తగిలి మళ్ళుతాయి, అదే తిప్పులో తోపుడు బాగా పెరుగుతుంది. 20 మించి పెంచకండి, తిన్నగా వెళ్ళేటప్పుడు అడ్డం పెరిగి డీజిలు తింటుంది, చక్రం కూడా బరువెక్కుతుంది. తిప్పు 45 డిగ్రీల దగ్గర ఆపేయండి. పలక బరువు 32 కిలోలు, నీళ్ళు చేరే బోలు లేదు. ఇరుసుకి పైన చెప్పిన 60 మి.మీ. అలాగే ఉంచండి.

లాగడానికి కారణం ఫ్యాను నీళ్ళు మెలి తిరిగి రావడం, మీ ఇరుసు ముందంచున ఉండడం వల్ల అది చేతికి ఇంకా ఎక్కువ తెలియడం. ఇరుసు లోపలికి జరిగితే సగం తగ్గుతుంది. మిగిలినదానికి పలక వెనకంచు మధ్యలో 15 సెం.మీ. ఎత్తున, 4 సెం.మీ. లోపలికి రెండు కోతలు పెట్టి ఆ ముక్కని వంచండి. పలక వెనక కొస ఎటు పోతానంటుందో ఆ వైపుకే వంచాలి, ఎదురు వైపుకి కాదు. నీళ్ళు ఆ వంచిన ముక్కని కొట్టి కొసని వెనక్కి తోస్తాయి. మొదట 10 డిగ్రీలు చాలు. ఆ ముక్క ఉన్న మేర యాంగ్లరు వదిలేయండి.

చక్రం బరువుకి క్వాడ్రంటు పెద్దది చేయండి. 20 సెం.మీ. వ్యాసార్ధానికి వైరు మీద 170 కిలోలు పడితే, 35కి 97 పడుతుంది. డ్రమ్ము 10 సెం.మీ. వ్యాసం, చక్రం 70 అయితే చేతికి 14 కిలోలు, అదీ ఇంజను మొత్తం పెట్టి పూర్తిగా తిప్పినప్పుడు. యాంగ్లరు వల్ల ఇంకో రెండు మూడు కిలోలు పెరగొచ్చు. ఒక మనిషి తట్టుకోగలడు. హైడ్రాలిక్ అక్కర్లేదు.

గౌతమి_సరంగు:

కట్టేముందు కొలవండి, కట్టాక అదే పద్ధతిలో మళ్ళీ కొలవండి. "బాగానే తిరుగుతోంది" అనే మాట లెక్కకి రాదు.

మొదటిది గట్టున కట్టేసి చేసేది. పడవ ముందు కొసని రెండు వైపులా రెండు తాళ్ళతో బిగించి కట్టాలి. వెనక కొస నుంచి పడవకి నిలువుగా, అంటే సరిగ్గా పక్కకి, ఒక తాడు ఎదురు గట్టుకి తీసి మధ్యలో 500 కిలోల స్ప్రింగు కాటా పెట్టాలి. ఇంజను ప్రతిసారీ ఒకే చప్పుడులో, టాకోమీటరు (ఇంజను చుట్లు చూపేది) ఉంటే 1000 దగ్గర. చుక్కాని 10, 20, 30, 40, 45 డిగ్రీలు, ఒక్కో చోట కాటా ఎంత చూపిందో రాసుకోవాలి. ఏ డిగ్రీ తర్వాత కాటా పెరగడం మానేసిందో అక్కడే మీ చుక్కాని చచ్చిందని. తాడు వరసలో మనిషి నిలబడకూడదు, తెగితే కాలు విరుగుతుంది.

రెండోది నడిచేటప్పుడు. ఇనప పడవ మీద ఫోను దిక్సూచిని నమ్మకండి. డెక్కు మీద పడవ నడిమి గీతకి 30 డిగ్రీల వాలుగా ఒక తెల్ల గీత వేయండి. కాలువ తిన్నగా ఉన్నచోట గట్టుకి సమాంతరంగా వస్తూ చుక్కాని మొత్తం తిప్పి గడియారం నొక్కండి. ఆ తెల్ల గీత గట్టుకి సమాంతరంగా వచ్చిన క్షణాన ఆపండి. ప్రవాహంతో మూడుసార్లు, ఎదురు మూడుసార్లు. ఆ తర్వాత గ్యాసు పూర్తిగా తీసేసి ఇదే మళ్ళీ. చక్రం అంచుకి చిన్న కాటా తగిలించి చేతి బరువు కూడా రాయండి.

గ్యాసు తీసేశాక మాట వినాలంటే చుక్కాని కంటే పడవ అడుగు చూడాలి. చదును అడుగుకి వెనక భాగాన రెండు పక్కలా నిలువు రెక్కలు, 2 మీటర్ల పొడవు, 12 సెం.మీ. లోతు, వెల్డు చేయిస్తే వెనక కొస ఈడ్చుకుపోకుండా నిలుస్తుంది. అడుగు వెనక్కి పైకి లేచే వాలు 15 డిగ్రీలు దాటిందేమో కూడా కొలవండి. దాటితే నీళ్ళు అక్కడే చెదిరి ఫ్యానుకీ చుక్కానికీ సరిగ్గా అందవు, ఎంత గొప్ప ఆకారం పెట్టినా దానికి దొరికేది నురగే.

గట్టుకి దగ్గరగా పోతే వెనక కొసని గట్టు లాక్కుంటుంది, ముందు కొస కాలువ నడిమికి తిరుగుతుంది. మలుపులో ఇది జరిగితే చాలామంది చుక్కాని తప్పనుకుంటారు. నడిమిన నడిపి చూసి అప్పుడు చెప్పండి.

రేవుగట్టు:

70 డిగ్రీల తిప్పు మీద నాకు ఇంకో అభ్యంతరం ఉంది. ఆ తిప్పులో ఫ్యాను నీళ్ళు నేరుగా గట్టుని కొడతాయి. ఈ కాలువలు పడవలకి ఎంతో, పొలాలకీ అంతే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి రెండు పనులూ ఒకే గట్ల మధ్య సాగాయి. రాతి కట్టు లేని మట్టి గట్టుని ఒకే రేవు దగ్గర రోజుకి పదిసార్లు అలా కొడితే అడుగున తొలిచేస్తుంది, పైన గట్టు బాగానే కనపడుతుంది, ఒకరోజు విరుచుకు పడుతుంది. రేవు మెట్ల మీద బట్టలుతికేవాళ్ళూ స్నానాలు చేసే పిల్లలూ ఉంటారు, ఆ నీటి దెబ్బకి కాలు జారుతుంది. 45 దగ్గర ఆపమన్న మాటకి ఇదో కారణం కూడా.

ఆపేది కూడా చక్రం దగ్గర కాదు. ఇరుసు మీదున్న చెయ్యి, పడవ ఒంటికి వెల్డు చేసిన 20 మి.మీ. దిమ్మెలకి తగిలి ఆగాలి. వెనక్కి నడిపేటప్పుడు నీళ్ళు పలకని వెనక నుంచి పట్టుకుంటాయి, చక్రం చేజారితే పలక ఒక్క ఊపున ఆ కొసకి పోయి కొడుతుంది. దిమ్మె లేకపోతే వైరు తెగుతుంది లేదా చేతిని ఇరుసుకి పట్టి ఉంచే కీ ముక్క కోసుకుపోతుంది. వెనక్కి వెళ్ళేటప్పుడు ఏ చుక్కానీ సరిగ్గా తిప్పదు, ఫ్యాను నీళ్ళు దానికి తగలవు కదా. అక్కడ గెడ మీదే ఆధారపడాలి.

గౌతమి_సరంగు:

జనాన్ని ఎక్కించే పడవ కాబట్టి ఒకటి. మీ వేగానికి 45 డిగ్రీలు ఒక్కసారిగా తిప్పితే పడవ వాలుతుంది. పై డెక్కు మీద ఉన్నవాళ్ళంతా ఆ వాలు వైపుకే జారితే ఇంకా వాలుతుంది. చక్రం దగ్గర చుక్కాని డిగ్రీ చూపే ముల్లు పెట్టి 35 దగ్గర ఎర్ర గీత వేయండి. అది దాటాలంటే ముందు ఇంజను తగ్గించాలి. కొత్త చుక్కానితో మొదటి వారం జనం లేకుండా, వాళ్ళ బరువుకి సరిపడా ఇసక బస్తాలు వేసి నడపండి.

స్టీరింగు మార్చడమంటే పడవలో మార్పు కిందే లెక్క. 2021 ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం (నదులు, కాలువల పడవల చట్టం) ప్రకారం రిజిస్ట్రేషనూ సర్వేయూ ఉన్న పడవైతే మార్పు ఆ అధికారులకి రాతపూర్వకంగా తెలిపి, మళ్ళీ చూపించాకే జనాన్ని ఎక్కించాలి. షాపు గీసిన బొమ్మ, ఇరుసు కొలత, కాటా అంకెలు ఒక కాగితం మీద ఉంచుకోండి.

కడియం_కాలువ:

అర్థమైందండి. బోలు చేపతోక వద్దనుకుంటున్నాను. పలక, యాంగ్లరు, మడమ ప్లేటు, పెద్ద క్వాడ్రంటు. అడుగు వాలు కొలిచాను, 19 డిగ్రీలు వచ్చింది. దాన్ని ఏం చేయాలి?

తాళ్ళరేవు_వెల్డరు:

అడుగు కోసి మార్చాల్సిన పని లేదండి. వాలు మొదలయ్యే చోటు నుంచి ఫ్యాను పైదాకా, వాలు తక్కువగా వచ్చేలా 4 మి.మీ. ప్లేటుతో కొత్త అడుగు కింద నుంచి తొడగొచ్చు. పాత అడుగుకీ దానికీ మధ్య సందు మూసేసి సబ్బు నురుగుతో చూడాలి, చుక్కానికి చెప్పినట్టే. కానీ ఫ్యాను రెక్క కొసకీ కొత్త ప్లేటుకీ మధ్య 5 సెం.మీ. మిగలాలి, అంతకు తగ్గితే పడవంతా అదురుతుంది. ముందు ఆ ఖాళీ ఎంతుందో కొలిచి పెట్టండి. 8 కంటే తక్కువుంటే తొడుగు సంగతి వదిలేసి చుక్కాని ఒక్కటే మార్చండి. కాలువ కట్టేశాక పడవ ఆరగట్టి ఈ రెండూ ఒకేసారి చేస్తే జూన్‌లో నీళ్ళు వదిలేలోపు రంగు కూడా ఆరుతుంది.

కడియం_కాలువ:

ఖాళీ 11 సెం.మీ. ఉందండి. రెండూ చేయిస్తాను. పాత చుక్కానితో కాటా అంకెలు ఈ ఆదివారం తీసి ఇక్కడే పెడతాను, కొత్తది పెట్టాక పక్కన అవీ రాస్తాను.